బూట్‌లో ఎవరు ఎవరి కోసం ఆగాలి? లినక్స్‌లో నెట్‌వర్క్ లాగిన్ సర్వీసుల చిక్కుముడి

లినక్స్ కంప్యూటర్ ఆన్ చేశాం, లాగిన్ తెర వచ్చింది. పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టాం, తప్పు అంది. ఈసారి ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టాం, మళ్లీ తప్పే అంది. ఒక నిమిషం ఆగి అదే పాస్‌వర్డ్ కొడితే మాత్రం మారుమాట లేకుండా లోపలికి రానిచ్చింది. యూజర్ల ఖాతాలు ఏ కంప్యూటర్‌వి ఆ కంప్యూటర్‌లో కాకుండా, అందరివీ కలిపి ఒక సర్వర్‌లో ఉండేచోట పనిచేసే అడ్మిన్‌లకు ఈ ఫిర్యాదు కొత్త కాదు. ఇంతకంటే ఇబ్బంది పెట్టే రూపం ఇంకోటుంది. బూట్ సగంలో ఆగిపోతుంది, రూట్‌గా (అన్ని అధికారాలున్న ఖాతాగా) కూడా లాగిన్ కాలేం, తెర మీద ఏ కదలికా ఉండదు. పైకి వేరువేరుగా కనిపించినా రెండింటి మూలం ఒకటే. కంప్యూటర్ లేచేటప్పుడు మొదలయ్యే సర్వీసుల్లో దేనికి దేనితో పని ఉందో, ఏది దేని కోసం ఆగాలో మనం సరిగా చెప్పలేదు.

దీనికి ఎక్కువమంది చేసే వైద్యం, అన్నింటినీ నెట్‌వర్క్ వచ్చేదాకా ఆపేయడం. అది కుదరకపోతే ఏదో స్క్రిప్టులో ముప్పై సెకన్ల స్లీప్ పెట్టడం. ఈ రెండూ జబ్బును ఒక చోటు నుంచి ఇంకో చోటికి జరుపుతాయే తప్ప తగ్గించవు. లాగిన్‌ను చూసుకునే సర్వీస్ నెట్‌వర్క్ కోసం ఆగనే కూడదు. అది వీలైనంత ముందుగా లేచి, తన దగ్గర ఉన్న సమాచారంతో జవాబు చెప్పాలి, సర్వర్ అందుబాటులోకి వచ్చాక దానితో మాట్లాడుకోవాలి. నిజంగా ఆగాల్సిన సర్వీసులు వేరే ఉన్నాయి, అవి చాలా కొద్ది. ఆ కొద్దింటినీ గుర్తుపట్టగలిగితే మిగతా అమరిక అంతా తేలికవుతుంది.

రెండు వేరు ప్రశ్నలు

లాగిన్ అంటే ఒకే పని అనిపిస్తుంది గానీ, లోపల సిస్టమ్ రెండు వేర్వేరు ప్రశ్నలు అడుగుతుంది. మొదటిది: ఈ పేరుతో యూజర్ ఉన్నాడా, ఉంటే అతని యూఐడీ (యూజర్ నంబరు) ఎంత, ఏయే గ్రూపుల్లో ఉన్నాడు, హోమ్ డైరెక్టరీ ఎక్కడ? దీనికి జవాబు వెతికేది నేమ్ సర్వీస్ స్విచ్, పొట్టిగా ఎన్ఎస్ఎస్. రెండోది: వచ్చినవాడు నిజంగా అతనేనా, అతన్ని లోపలికి రానివ్వొచ్చా? దీన్ని చూసేది పామ్ (ప్లగబుల్ ఆథెంటికేషన్ మాడ్యూల్స్). రెండూ సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్ల సొలారిస్ వైపు నుంచి వచ్చినవే. పామ్ ప్రతిపాదన 1995లో వెలువడింది.

ఎన్ఎస్ఎస్ ఎక్కడెక్కడ వెతకాలో ఈటీసీ డైరెక్టరీలోని ఎన్ఎస్‌స్విచ్ డాట్ కాన్ఫ్ ఫైల్ చెబుతుంది. అందులో పాస్‌డబ్ల్యూడీ అనే వరుసలో 'ఫైల్స్ ఎస్ఎస్ఎస్' అని రాసి ఉంటే, ముందు లోకల్ ఫైల్ చూడు, అక్కడ లేకపోతే ఎస్ఎస్ఎస్‌డి సర్వీస్‌ని అడుగు అని అర్థం. ఖాతాల సర్వర్‌తో మాట్లాడి యూజర్ల వివరాలు తెచ్చే సర్వీస్ ఇది. పామ్ వైపు కూడా ఇలాంటి వరుసే ఉంటుంది. ముందు లోకల్ పాస్‌వర్డ్ చూసే పామ్_యునిక్స్, దాని తర్వాత పామ్_ఎస్ఎస్ఎస్. 'యూజర్ లేడు' అనే మాటకూ 'పాస్‌వర్డ్ తప్పు' అనే మాటకూ మధ్య ఉన్న తేడా ఈ రెండు దారుల మధ్య ఉన్న తేడాయే. కానీ లాగిన్ తెర భద్రత కోసం రెండింటికీ ఒకే మాట చెబుతుంది. అందుకే బూట్ అవుతూనే వచ్చే 'పాస్‌వర్డ్ తప్పు' అన్న సందేశాన్ని నమ్మకూడదు. చాలాసార్లు పాస్‌వర్డ్ దాకా వెళ్లనే లేదు, ఆ పేరుతో మనిషే దొరకలేదు.

రూట్ ఎందుకు ఇరుక్కుంటాడు?

ఈ విషయంలో చాలామంది గమనించని మలుపు ఒకటుంది. యూజర్‌ని వెతికేటప్పుడు ఎన్ఎస్ఎస్ లోకల్ ఫైల్‌లో దొరగ్గానే ఆగిపోతుంది. కానీ ఆ యూజర్ ఏయే గ్రూపుల్లో సభ్యుడో తెలుసుకునేటప్పుడు అలా ఆగదు. ఒకే యూజర్ లోకల్ గ్రూపుల్లోనూ సర్వర్‌లోని గ్రూపుల్లోనూ ఉండొచ్చు కాబట్టి వరుసలో ఉన్న అన్ని చోట్లా అడుగుతుంది. అంటే పూర్తిగా లోకల్ అయిన రూట్ లాగిన్ అయినా, 'రూట్ ఏ గ్రూపుల్లో ఉన్నాడు' అన్న ప్రశ్న నెట్‌వర్క్ దాకా వెళ్లగలదు. సర్వర్ అందకపోతే ఆ ప్రశ్నకు జవాబు రాదు, రూట్ తెర ముందు కూర్చుని ఉండాల్సిందే.

పాత ఎన్ఎస్ఎస్_ఎల్‌డాప్ మాడ్యూల్ రోజుల్లో ఇది పెద్ద బెడద. ఆ మాడ్యూల్‌కి ప్రత్యేకంగా సర్వీస్ అంటూ లేదు. యూజర్ పేరు అడిగిన ప్రతి ప్రోగ్రామ్‌లోకీ అదే దూరి, అక్కడి నుంచే నేరుగా ఎల్‌డాప్ సర్వర్‌కి (ఖాతాల వివరాలుండే డైరెక్టరీ సర్వర్‌కి) ఫోన్ చేసేది. బైండ్ పాలసీ అనే సెట్టింగ్ దాని సహజ స్థితిలో 'హార్డ్'గా ఉండేది. సర్వర్ దొరకకపోతే ఒప్పుకోకుండా, మధ్యలో విరామం పెంచుకుంటూ మళ్లీ మళ్లీ ప్రయత్నించేది. ఇప్పుడు బూట్ మొదట్లో ఏం జరుగుతుందో చూడండి. హార్డ్‌వేర్ పరికరాలను సిద్ధం చేసే యూడెవ్ తన రూల్స్ చదువుతుంది. ఒక రూల్‌లో ఫలానా పరికరం ఫలానా గ్రూపుకి చెందాలి అని ఉంటుంది. ఆ గ్రూపు లోకల్ ఫైల్‌లో లేదు. దాంతో ఎన్ఎస్ఎస్ ఎల్‌డాప్‌ని అడుగుతుంది. ఎల్‌డాప్‌కి వెళ్లాలంటే నెట్‌వర్క్ కార్డ్ లేవాలి. నెట్‌వర్క్ కార్డ్ లేవాలంటే యూడెవ్ తన పని ముగించాలి. యూడెవ్ మాత్రం గ్రూపు పేరుకి జవాబు కోసం ఆగి ఉంది. ఎవరి తప్పూ లేదు, ప్రతి భాగమూ తనకు చెప్పినట్టే చేస్తోంది, కంప్యూటర్ మాత్రం లేవదు.

అప్పట్లో దీనికి మందు బైండ్ పాలసీని 'సాఫ్ట్'గా మార్చడం, రూట్ లాంటి సిస్టమ్ యూజర్ల గ్రూపులను సర్వర్‌లో వెతకొద్దని ఇంకో సెట్టింగ్‌లో పేర్లు రాయడం. ఇప్పుడు మనం వాడే ఎస్ఎస్ఎస్‌డి ఈ పాఠం నేర్చుకునే పుట్టింది. యూజర్లను ఫిల్టర్ చేసే దాని సెట్టింగ్‌లో మనమేమీ రాయకపోయినా రూట్ పేరు ముందే ఉంటుంది. రూట్ గురించి అది సర్వర్‌ని అడగదు. అయినా ఆ పాత కథ చెప్పడానికి కారణముంది. అందులోంచి వచ్చే నియమం ఇప్పటికీ అంతే నిజం: సిస్టమ్ లేవడానికి అవసరమైన ఏ యూజరూ, ఏ గ్రూపూ సర్వర్‌లో ఉండకూడదు. డేటాబేస్ నడిపే ఖాతా, వెబ్ సర్వర్ ఖాతా, బ్యాకప్ ఖాతా, పరికరాల గ్రూపులు, ఇవన్నీ లోకల్ ఫైళ్లలోనే ఉండాలి. మనుషుల ఖాతాలు మాత్రమే సర్వర్‌కి. ఒక్క ఈ గీత గీసుకుంటే ఈ వ్యాసంలోని సమస్యల్లో చాలావరకు మీ దగ్గరికే రావు.

పిలవడం వేరు, వరుస వేరు

బూట్ పాత సిస్టమ్-ఫైవ్ పద్ధతిలో నడిచిన రోజుల్లో వరుస అంటే నంబర్లే. స్క్రిప్టు పేరు ముందు ఎస్ అక్షరం, రెండు అంకెలు. చిన్న అంకె ఉన్నది ముందు లేచేది. ఒకటి పూర్తయ్యాకే ఇంకోటి మొదలయ్యేది కాబట్టి నెట్‌వర్క్ స్క్రిప్టు 10, ఖాతాల సర్వర్‌తో మాట్లాడే ఎన్ఐఎస్ క్లయింట్ 27 అని ఉంటే గొడవ లేదు. బూట్‌లో సర్వీసులను లేపే పనికి 2010లో కొత్తగా వచ్చిన సిస్టమ్‌డి ఈ లెక్కంతా మార్చేసింది. 2011లో ఫెడోరా 15తో మొదలై, 2014లో రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7, 2015లో డెబియన్ 8, ఇలా ప్రధాన పంపిణీలన్నీ దానికి మారాయి. సిస్టమ్‌డి వీలైన ప్రతిదాన్నీ ఒకేసారి లేపుతుంది. మనం నోరు తెరిచి చెప్పకపోతే వరుస అనేదే ఉండదు.

ఆ చెప్పడంలో రెండు రకాలున్నాయి, వాటిని కలిపేసుకోవడం వల్లే సగం పొరపాట్లు. 'వాంట్స్', 'రిక్వయర్స్' అనేవి ఫలానా యూనిట్‌ని (ఒక సర్వీస్‌ని గానీ, టార్గెట్ అనే బూట్ మజిలీని గానీ) కూడా లేపు అంటాయి. 'ఆఫ్టర్', 'బిఫోర్' అనేవి ఒకవేళ రెండూ లేస్తుంటే ఏది ముందో చెబుతాయి. మీటింగ్‌కి ఒకరిని పిలవడం ఒక పని, ఎవరి తర్వాత ఎవరు మాట్లాడాలో చెప్పడం ఇంకో పని. పిలవనివాడికి వంతు కేటాయిస్తే ఆ వంతు ఖాళీగా దాటిపోతుంది. సరిగ్గా అలాగే, ఒక సర్వీస్‌లో 'ఆఫ్టర్ నెట్‌వర్క్-ఆన్‌లైన్ టార్గెట్' అని మాత్రమే రాసి, దాన్ని 'వాంట్స్'లో పెట్టకపోతే, ఆ టార్గెట్‌ని ఇంకెవరూ పిలవని కంప్యూటర్‌లో ఆ వరుసకి విలువే ఉండదు. అదే ఫైల్ వేరే కంప్యూటర్‌లో బాగా పనిచేయొచ్చు, ఎందుకంటే అక్కడ ఇంకేదో సర్వీస్ దాన్ని పిలిచి ఉంటుంది. 'ఆ మెషీన్‌లో నడుస్తోంది, ఈ మెషీన్‌లో నడవట్లేదు' అనే ఫిర్యాదుల్లో చాలావాటి అసలు రహస్యం ఇదే.

టార్గెట్ పేర్లలో కూడా ఒక మోసం ఉంది. నెట్‌వర్క్ టార్గెట్, నెట్‌వర్క్-ఆన్‌లైన్ టార్గెట్ ఒకటి కాదు. మొదటిది చేరుకుంది అంటే నెట్‌వర్క్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ మొదలైంది అని మాత్రమే, ఐపీ అడ్రస్ వచ్చిందన్న హామీ లేదు. దాని అసలు ఉపయోగం షట్‌డౌన్‌లో. లేచేటప్పుడు దాని తర్వాత లేచినవి, ఆపేటప్పుడు దానికంటే ముందే ఆగుతాయి కాబట్టి, నెట్‌వర్క్ పోకముందే తమ కనెక్షన్లను మర్యాదగా మూసుకోగలుగుతాయి. రెండోది మాత్రం నిజంగా ఆగుతుంది. ఆగే పని చేసేది నెట్‌వర్క్‌మేనేజర్ వెయిట్-ఆన్‌లైన్ సర్వీస్ గానీ, సిస్టమ్‌డి-నెట్‌వర్క్‌డి వెయిట్-ఆన్‌లైన్ సర్వీస్ గానీ. ఈ రెండో దానికి గడువు 120 సెకన్లు. సర్వర్‌కి రెండు పోర్టులుండి, ఒకదానికి కేబుల్ లేకపోతే, అది లేని కేబుల్ కోసం ఆ రెండు నిమిషాలూ ఎదురుచూస్తుంది. బూట్ ఆలస్యమైందని ఎస్ఎస్ఎస్‌డిని తిట్టుకునేవాళ్లు ముందు ఇక్కడ చూడాలి. ఆ పోర్టు ఆన్‌లైన్ లెక్కకి అక్కర్లేదని దాని నెట్‌వర్క్ ఫైల్‌లో ఒక్క వరుస రాస్తే సరిపోతుంది.

పోనీ ఆన్‌లైన్ టార్గెట్ వచ్చాక అయినా సర్వర్ అందుతుందా? అదీ ఖాయం కాదు. ఉదాహరణకి, స్టాటిక్ ఐపీ ఇచ్చిన కంప్యూటర్ తీసుకోండి. కేబుల్‌లో సిగ్నల్ రాగానే అడ్రస్ పెట్టేసుకుని నేను ఆన్‌లైన్ అంటుంది. అవతల స్విచ్‌లో స్పానింగ్ ట్రీ (నెట్‌వర్క్‌లో చుట్లు పడకుండా చూసే ఏర్పాటు) పాత పద్ధతిలో నడుస్తుంటే, కొత్తగా లేచిన పోర్టుని ఆ స్విచ్ 15 సెకన్లు వింటూ, ఇంకో 15 సెకన్లు నేర్చుకుంటూ గడిపి, ఆ తర్వాత గానీ ప్యాకెట్లను ముందుకు పంపదు. ఆ అర నిమిషం కంప్యూటర్ లెక్కలో నెట్‌వర్క్ ఉంది, నిజానికి లేదు. ఏ టార్గెట్ కూడా 'మీ ఎల్‌డాప్ సర్వర్ ఇప్పుడు జవాబిస్తుంది' అని హామీ ఇవ్వలేదు. నెట్‌వర్క్ అనేది బూట్‌లో ఒకసారి వచ్చి స్థిరపడిపోయే వస్తువు కాదు, మధ్యాహ్నం కూడా పోవచ్చు. కాబట్టి లాగిన్ సర్వీస్ నెట్‌వర్క్ లేని స్థితిని ఎప్పుడైనా తట్టుకోవాలి. ఎప్పుడైనా తట్టుకోగలిగినప్పుడు బూట్‌లో ప్రత్యేకంగా ఆగాల్సిన అవసరమేముంది?

ఎస్ఎస్ఎస్‌డి ఎందుకు ఆగదు

ఎస్ఎస్ఎస్‌డితో వచ్చే యూనిట్ ఫైల్‌ని తెరిచి చూస్తే ఈ ఆలోచనే కనిపిస్తుంది. 'సిస్టమ్‌సీటీఎల్ క్యాట్ ఎస్ఎస్ఎస్‌డి' అని కొట్టి చూడండి. నెట్‌వర్క్-ఆన్‌లైన్ పేరు అందులో ఎక్కడా ఉండదు. దాని బదులు 'బిఫోర్' అన్న వరుసలో రెండు పేర్లుంటాయి: సిస్టమ్‌డి-యూజర్-సెషన్స్ సర్వీస్, ఎన్ఎస్ఎస్-యూజర్-లుకప్ టార్గెట్.

మొదటి పేరు లాగిన్ తలుపుకి తాళంచెవి. బూట్ మొదట్లో రన్ డైరెక్టరీలో నోలాగిన్ అనే ఫైల్ పుడుతుంది. అది ఉన్నంతసేపూ సిస్టమ్ ఇంకా లేస్తోందని చెప్పి, రూట్ తప్ప మిగతా అందరినీ పామ్ వెనక్కి పంపుతుంది. ఆ ఫైల్‌ని తీసేసేదే యూజర్-సెషన్స్ సర్వీస్. ఎస్ఎస్ఎస్‌డి దానికంటే ముందు ఉండటం వల్ల, జవాబు చెప్పేవాడు సిద్ధమయ్యాకే మామూలు యూజర్లకు తలుపు తెరుచుకుంటుంది. ఎస్ఎస్ఎస్‌డి 'నోటిఫై' రకం సర్వీస్, అంటే తన లోపలి భాగాలన్నీ లేచాక తనే సిస్టమ్‌డికి కబురు పెడుతుంది. ఇక్కడ ఇంకో మంచి విషయం గమనించండి. ఇది వరుస మాత్రమే, గట్టి అవసరం కాదు. ఎస్ఎస్ఎస్‌డి లేవకుండా కూలిపోయినా తలుపు తెరుచుకుంటుంది, లోకల్ ఖాతాలతో లోపలికి వెళ్లి బాగుచేసుకోవచ్చు. దీన్ని 'రిక్వయర్స్'గా మార్చాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే దయచేసి మానుకోండి. ఒక కాన్ఫిగరేషన్ ఫైల్‌లో అక్షరం తప్పు పడితే కంప్యూటర్ మొత్తానికి తాళం పడుతుంది.

నెట్‌వర్క్ లేకుండా లేచిన ఎస్ఎస్ఎస్‌డి తనను తాను ఆఫ్‌లైన్ అనుకుంటుంది, తన డిస్క్‌లో దాచుకున్న కాష్ నుంచి జవాబులిస్తుంది. కర్నెల్ నుంచి వచ్చే నెట్‌వర్క్ మార్పుల కబుర్లనీ, డీఎన్ఎస్ సర్వర్ల పేర్లుండే రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైల్‌నీ అది గమనిస్తూ ఉంటుంది. అక్కడ మార్పు రాగానే మళ్లీ సర్వర్‌ని పలకరిస్తుంది. కాబట్టి దాన్ని ఆపి ఉంచడం వల్ల వచ్చే లాభం ఏమీ లేదు.

అయితే మొదట్లో చెప్పిన 'ఒక నిమిషం తర్వాత పనిచేసింది' అనే కథ ఎందుకు జరుగుతుంది? రెండు కారణాలు ఎక్కువ. ఒకటి, పాస్‌వర్డ్‌ని కాష్ చేయడం అనే సెట్టింగ్ సహజంగా ఆఫ్‌లో ఉంటుంది. దాన్ని 'ట్రూ' చేయకపోతే, ఎస్ఎస్ఎస్‌డికి యూజర్ ఎవరో తెలిసినా పాస్‌వర్డ్ సరిచూసే ఆధారం ఉండదు. రెండు, ఆ యూజర్ ఆ కంప్యూటర్‌లో అంతకుముందు ఒక్కసారి కూడా ఆన్‌లైన్‌లో లాగిన్ కాలేదు, కాబట్టి కాష్‌లో ఏమీ లేదు. మొదటిదాన్ని ఒక వరుసతో సరిచేయొచ్చు. రెండోదానికి మొదటి లాగిన్ ఆఫీసు కేబుల్ మీద చేయించడమే దారి. లాప్‌టాప్ చేతికిచ్చే ముందు ఈ పని చేయించని చోట్ల, ఇంటికెళ్లిన మనిషి కొత్త మెషీన్ తెరవలేక ఇబ్బంది పడతాడు.

కాష్ పెట్టుకున్నప్పుడు ఒక బాధ్యత కూడా వస్తుంది. సర్వర్‌లో ఖాతా తీసేసినా, ఆ మనిషి ఆఫ్‌లైన్‌లో ఉన్న కంప్యూటర్‌లోకి పాత పాస్‌వర్డ్‌తో వెళ్లగలడు. ఆఫ్‌లైన్ పాస్‌వర్డ్ ఎన్ని రోజులు చెల్లాలో చెప్పే సెట్టింగ్ సహజ విలువ సున్నా, అంటే గడువే లేదు. మీ సంస్థకి తగ్గ రోజుల సంఖ్య అక్కడ తప్పక రాయండి.

నిజంగా ఆగాల్సినవి

ఇక రెండో పేరు, ఎన్ఎస్ఎస్-యూజర్-లుకప్ టార్గెట్. ఇది మామూలు యూజర్లను పేరుతో వెతికే సర్వీసులు వరుసలో నిలబడటానికి పెట్టిన గుర్తు. చెప్పిన సమయాల్లో పనులు నడిపే క్రాన్ యూనిట్ ఫైల్‌లో ఇది కనిపిస్తుంది. ఎందుకంటే సర్వర్‌లో ఖాతా ఉన్న యూజర్ పేరుతో క్రాన్‌టాబ్ (ఆ పనుల జాబితా) ఉండి, క్రాన్ లేచేసరికి ఆ పేరు తెలియకపోతే, క్రాన్ దాన్ని అనాథగా లాగ్‌లో రాసి పక్కన పెడుతుంది. పాత యూనిట్ ఫైళ్లనూ, మనమే రాసుకున్నవాటినీ ఈ కోణంలో ఒకసారి చూసుకోవాలి.

దగ్గరగా ఒక ఉదాహరణ చూద్దాం. మనం రాసుకున్న రిపోర్టుల సర్వీస్‌లో 'యూజర్' అన్న వరుసలో సర్వర్‌లో ఉన్న ఒక ఖాతా పేరు పెట్టాం. రీబూట్ చేస్తే సర్వీస్ కూలిపోయింది, స్టేటస్‌లో 217 అనే నంబరు, పక్కన యూజర్ అనే మాట. తర్వాత చేత్తో లేపితే చక్కగా లేస్తుంది. 217 అంటే సిస్టమ్‌డి ఆ యూజర్‌ని కనుక్కోలేకపోయింది అని అర్థం, మన ప్రోగ్రామ్ ఒక్క వరుస కూడా నడవలేదు. ఎన్ఎస్ఎస్-యూజర్-లుకప్‌ని 'ఆఫ్టర్'లో పెడితే కొంత నయం. కానీ ఎస్ఎస్ఎస్‌డి లేచినా సర్వర్ అందకుండా, కాష్‌లో పేరు లేకుండా ఉంటే అప్పుడూ ఇదే 217. విఫలమైతే మళ్లీ లేపమని 'రీస్టార్ట్ ఆన్-ఫెయిల్యూర్' రాస్తారు, అదీ చాలదు. సహజ స్థితిలో సిస్టమ్‌డి 100 మిల్లీసెకన్ల విరామంతోనే తిరిగి ప్రయత్నిస్తుంది, 10 సెకన్లలో 5 సార్లు లేపి చూశాక ఇక మానేస్తుంది. అంటే ఐదు ప్రయత్నాలూ సెకనులోపే అయిపోతాయి, నెట్‌వర్క్ ఇంకా కళ్లు కూడా తెరిచి ఉండదు. విరామాన్ని 15 సెకన్లకి పెంచితే ఆ పరిమితి తగలదు, సర్వర్ వచ్చేదాకా ఓపికగా ప్రయత్నిస్తుంది. అన్నింటికంటే మంచి పరిష్కారం మాత్రం ముందు చెప్పిన గీతే, ఆ ఖాతాని లోకల్‌గా సృష్టించడం.

ఇంకో వర్గం, నెట్‌వర్క్ మీద ఉండే హోమ్ డైరెక్టరీలు. అవసరమైనప్పుడు వాటిని మౌంట్ చేసే ఆటోఎఫ్ఎస్ తన మ్యాపులను (ఏది ఎక్కడుందో చెప్పే జాబితాలను) ఎస్ఎస్ఎస్‌డి ద్వారా తెచ్చుకునేలా పెడితే, అది ఎస్ఎస్ఎస్‌డి తర్వాతే లేవాలి. లేకపోతే ఖాళీ మ్యాపుతో లేచి, యూజర్ లాగిన్ అయ్యాక హోమ్ లేదంటుంది. కెర్బెరోస్ (టికెట్లతో గుర్తింపు చూసే పద్ధతి) భద్రతతో ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచే పద్ధతి) వాడేచోట ఆర్‌పీసీ-జీఎస్ఎస్‌డి అనే సర్వీస్ కూడా ఉండాలి. దాని యూనిట్‌లో ఒక షరతు ఉంది: ఈటీసీలో కేఆర్‌బీ5 డాట్ కీట్యాబ్ ఫైల్ (కంప్యూటర్ కెర్బెరోస్ రహస్యాలుండే ఫైల్) ఉంటేనే లేవాలి. ఫైల్ లేకపోతే అది విఫలం కాదు, నిశ్శబ్దంగా తప్పుకుంటుంది. విఫలమైన సర్వీసుల జాబితాలో ఎంత వెతికినా దాని పేరు కనిపించదు. మౌంట్ మాత్రం అనుమతి లేదంటూ ఆగిపోతుంది.

గడియారం సంగతి

కెర్బెరోస్ ఎంఐటీలోని ప్రాజెక్ట్ ఎథీనాలో పుట్టింది. దాని టికెట్లన్నీ సమయం మీద ఆధారపడతాయి. కంప్యూటర్ గడియారానికీ సర్వర్ గడియారానికీ మధ్య 300 సెకన్లకు మించి తేడా ఉంటే, పాస్‌వర్డ్ ఎంత సరైనదైనా ఒప్పుకోదు. మదర్‌బోర్డు మీద బ్యాటరీ అయిపోయిన కంప్యూటర్, పాత స్నాప్‌షాట్ నుంచి లేపిన వర్చువల్ మెషీన్, ఈ రెండూ తప్పుడు సమయంతో లేస్తాయి.

అందుకని గడియారాన్ని సరిచేసే క్రోనీ సర్వీస్‌ని ఎనేబుల్ చేసి ఉంచడం లాగిన్ అమరికలో భాగమే. అందులోనూ 'మేక్‌స్టెప్' అనే వరుస ఉందో లేదో చూడాలి. '1.0 3' అని ఉంటే, మొదటి మూడు సవరణల్లో తేడా ఒక సెకను దాటితే గడియారాన్ని ఒక్కసారిగా జరిపేయమని అర్థం. ఆ వరుస లేకపోతే క్రోనీ గడియారాన్ని మెల్లమెల్లగా సర్దుతుంది, గంటల తేడా ఉన్నప్పుడు అది మనకు పనికిరాదు. టైమ్-సింక్ టార్గెట్ తర్వాత లేవమని ఒక సర్వీస్‌కి చెప్పినా, క్రోనీ-వెయిట్ సర్వీస్‌ని విడిగా ఎనేబుల్ చేయకపోతే సమయం సరిపడిందని ఆ టార్గెట్ హామీ ఇవ్వదు. కీట్యాబ్‌తో టికెట్ తెచ్చుకుని రాత్రిళ్లు పనిచేసే స్క్రిప్టులకు, కెర్బెరోస్ మౌంట్లకు క్రోనీ-వెయిట్ అవసరం. ఎస్ఎస్ఎస్‌డికి అక్కర్లేదు.

నెట్‌వర్కే లాగిన్ అడిగితే

కొన్నిచోట్ల స్విచ్ కూడా 802.1ఎక్స్ పద్ధతిలో గుర్తింపు అడుగుతుంది, అప్పటిదాకా పోర్టు తెరవదు. ఇక్కడ చిక్కు ఎక్కడంటే, ఆ కనెక్షన్ పాస్‌వర్డ్‌ని డెస్క్‌టాప్‌లో ఒక యూజర్ తన కీరింగ్‌లో దాచుకుంటే, అతను లాగిన్ అయితే గానీ నెట్‌వర్క్ రాదు, నెట్‌వర్క్ వస్తే గానీ కొత్త యూజర్ లాగిన్ కాలేడు. దీనికి దారి ఒకటే. యూజర్‌కి కాకుండా కంప్యూటర్‌కే ఒక సర్టిఫికెట్ ఇచ్చి, ఆ కనెక్షన్‌ని సిస్టమ్ మొత్తానికి చెందేలా నెట్‌వర్క్‌మేనేజర్‌లో దాచాలి. వైఫైకీ వీపీఎన్‌కీ ఇదే వర్తిస్తుంది.

చిన్నవే గానీ చాలా సమయం తినేవి

సర్వీస్‌ని స్టార్ట్ చేయడం వేరు, ఎనేబుల్ చేయడం వేరు అని అందరికీ తెలుసు. అయినా హడావుడిలో స్టార్ట్ చేసి, పనిచేసిందని చూసి, తదుపరి రీబూట్ దాకా మర్చిపోవడం జరుగుతూనే ఉంటుంది. ముఖ్యంగా మొదటి లాగిన్‌లో హోమ్ డైరెక్టరీ సృష్టించే ఆడ్‌జాబ్‌డి. పామ్ అమరికను మార్చే ఆథ్‌సెలెక్ట్‌లో ఆ ఫీచర్ ఎంచుకున్నప్పుడు పామ్ ఫైళ్లు మారతాయి గానీ, ఆడ్‌జాబ్‌డిని ఎనేబుల్ చేసే పని మనకే వదిలేస్తుంది, గుర్తుచేసి ఊరుకుంటుంది. పామ్ ఫైళ్లను చేత్తో మార్చొద్దు. రెడ్ హ్యాట్ వైపు ఆథ్‌సెలెక్ట్, డెబియన్ వైపు పామ్-ఆథ్-అప్‌డేట్ ఉన్నాయి. ఏదైనా మార్చేటప్పుడు ఇంకో తెరలో రూట్ సెషన్ ఒకటి తెరిచే ఉంచండి.

డెబియన్, ఉబుంటులలో ఎస్ఎస్ఎస్‌డి భాగాలు సాకెట్ల ద్వారా, అంటే ఎవరైనా అడిగినప్పుడు, కూడా లేవగలవు. ఎస్ఎస్ఎస్‌డి కాన్ఫిగరేషన్‌లో 'సర్వీసెస్' వరుసలో ఎన్ఎస్ఎస్, పామ్ అని రాసి, మరోవైపు వాటి సాకెట్లనూ ఎనేబుల్ చేసి ఉంచితే, ఒకే భాగాన్ని ఇద్దరు లేపబోయి బూట్‌లో ఎర్ర అక్షరాలు కనిపిస్తాయి. రెండు దారుల్లో ఒకటి ఎంచుకోవాలి. అలాగే ఎన్ఎస్‌సీడీ అనే పాత కాష్ సర్వీస్ నడుస్తుంటే, అందులో యూజర్లు, గ్రూపుల కాష్‌ని ఆపేయాలి. రెండు కాష్‌లు ఒకదాని మీద ఒకటి ఉంటే, సర్వర్‌లో చేసిన మార్పు ఎప్పుడు కనిపిస్తుందో ఎవరూ చెప్పలేరు.

మార్పులు చేసేటప్పుడు పంపిణీ ఇచ్చిన యూనిట్ ఫైల్‌ని నేరుగా దిద్దితే, తర్వాతి అప్‌డేట్‌లో పోతుంది. 'సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్' వాడితే మన వరుసలు మాత్రమే వేరే ఫైల్‌లో నిలుస్తాయి.

సరిచూసుకోవడం

ఏది ఎవరి కోసం ఆగిందో 'సిస్టమ్‌డి-ఎనలైజ్ క్రిటికల్-చెయిన్' చూపిస్తుంది. 'జర్నల్‌సీటీఎల్'కి ఈ బూట్ వరకే అని చెప్పి ఎస్ఎస్ఎస్‌డి, నెట్‌వర్క్‌మేనేజర్, క్రోనీ మూడింటి మాటలను కలిపి చదవండి. విడివిడిగా చదివితే ఎవరు ముందు లేచారో తెలియదు. యూజర్ కనిపిస్తున్నాడా అని చూడటానికి 'గెటెంట్ పాస్‌డబ్ల్యూడీ' తర్వాత పేరు తప్పకుండా ఇవ్వాలి. పేరు ఇవ్వకుండా జాబితా అడిగితే ఎస్ఎస్ఎస్‌డి తన యూజర్లందరినీ ఏకరువు పెట్టదు, సహజంగా ఆ ఏర్పాటు ఆఫ్‌లో ఉంటుంది. సర్వర్ యూజర్లు కనిపించట్లేదని కంగారుపడేవాళ్లలో చాలామంది చూసేది లోకల్ యూజర్లు మాత్రమే ఉన్న ఆ జాబితానే. సర్వర్‌తో సంబంధం ఉందో లేదో 'ఎస్ఎస్ఎస్‌సీటీఎల్ డొమైన్-స్టేటస్' సూటిగా చెబుతుంది.

చివరి పరీక్ష నెట్‌వర్క్ కేబుల్ పీకేసి రీబూట్ చేయడం. బూట్ ఎక్కడా నిమిషాల తరబడి ఆగకూడదు. రూట్, లోకల్ అత్యవసర ఖాతా వెంటనే లాగిన్ కావాలి. అంతకుముందు ఆన్‌లైన్‌లో లాగిన్ అయిన యూజర్ తన పాస్‌వర్డ్‌తో లోపలికి రావాలి, ఎప్పుడూ లాగిన్ కాని యూజర్‌ని తిప్పి పంపాలి. ఇప్పుడు ఏ సర్వీస్‌నీ ముట్టుకోకుండా కేబుల్ తిరిగి పెట్టండి. కాసేపటికి ఆ కొత్త యూజర్ కూడా లాగిన్ కాగలిగితే, ఆటోఎఫ్ఎస్ హోమ్‌ని తెచ్చి పెడితే, ఆగిపోయిన రిపోర్టుల సర్వీస్ తనంతట తాను లేస్తే, అమరిక సరిగా ఉన్నట్టే. వీటిలో ఏ ఒక్కదాన్నైనా చేత్తో రీస్టార్ట్ చేయాల్సి వస్తే, ఆ యూనిట్ ఫైల్‌నే మళ్లీ తెరవాలి.